ఆత్మకు అంటకుండా పండుగలు చేసుకోవడం ఎలా?

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో క్రైస్తవుడిగా బతకడం పెద్ద కష్టమేమీ కాదు. ఈస్ట్‌లో ఉన్నా వెస్ట్‌లో ఉన్నా కాస్త నడిస్తే ఏదో ఒక చర్చి తగులుతుంది. దండు కాలంలో, 1813లో వెలిసిన సెయింట్ జాన్స్ చర్చి మనకు ఆనుకునే ఉంది. ఆటో ఎక్కితే సరోజినీదేవి రోడ్డులో సెయింట్ మేరీస్ బసిలికా. చిక్కల్లా ఒక్కటే. ఈ చర్చిలకు ఒక క్యాలెండర్ ఉంది. మేకుకు తగిలించి పాలలెక్క రాసుకునేది కాదు. ఆగమన కాలం, క్రిస్మస్, శ్రమకాలం, ఈస్టర్, పెంతెకొస్తు అంటూ ఏడాదిని పంచేసి, ఎప్పుడు కనిపెట్టుకుని ఉండాలో, ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు సంతోషించాలో మనల్ని మాటమాత్రమైనా అడక్కుండా నిర్ణయించి పెట్టేది.

ఇది ప్రమాదకరమైన వస్తువు. అజాగ్రత్తగా వాడితే మనిషి మారిపోయే అవకాశం ఉంది. ప్రతి సంఘంలోనూ అలా మారిపోయినవాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తారు. కమిటీ మీటింగులో గొంతు లేవని పెద్దాయన, కోడలి మీద ఒక్క చాడీ చెప్పని అత్తగారు. ఆరా తీస్తే వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ క్యాలెండర్‌ను చెప్పింది చెప్పినట్టు పాటించినవాళ్ళని తేలుతుంది. మర్యాదస్తుల ఇళ్ళల్లో ఇలాంటివి జరగకూడదు. అలాగని పండుగలు మానుకుంటే చుట్టాల్లో పరువుండదు. కాబట్టి ఒక్క పండుగా తప్పకుండా, ఆత్మ మీద ఒక్క గీతా పడకుండా ఏడాది గట్టెక్కే చిట్కాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం. అన్నీ పరీక్షించి చూసినవే.

1. డిసెంబర్ మొదటి వారంలోనే క్రిస్మస్ చేసేయండి

సంఘానికి కొత్త సంవత్సరం జనవరిలో రాదు. నవంబర్ 30కి దగ్గరగా ఉన్న ఆదివారం వస్తుంది. అక్కణ్ణుంచి క్రిస్మస్ దాకా నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. పుల్పిట్ మీద ఊదా గుడ్డ వేస్తారు. వారానికొకటి చొప్పున కొవ్వొత్తి వెలిగిస్తారు. మొదటి వారం ఒకటే వెలుగుతుంది, మిగతా మూడూ చీకట్లో నిలబడి ఉంటాయి. చదివే వాక్యాలు కూడా కేకు కోసే మూడ్‌కు పనికొచ్చేవి కావు. తీర్పు గురించి, మేలుకుని ఉండటం గురించి, ఒంటె రోమాల బట్టలేసుకుని అరణ్యంలో కేకలేసే యోహాను గురించి. ఈ నాలుగు వారాల పనల్లా ఒక్కటే: ఆగడం. ఇంకా రానిదాని కోసం, వస్తుందన్న నమ్మకంతో, ఖాళీ చేతులతో కూర్చోవడం.

దీనికి విరుగుడు మన జంట నగరాల్లో ఎప్పుడో బాగా వేళ్ళూనుకుంది. దాని పేరు సెమీ క్రిస్మస్. ఆఫీసు సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంట్ సెమీ క్రిస్మస్, సండేస్కూల్ సెమీ క్రిస్మస్, స్త్రీల మైత్రి సెమీ క్రిస్మస్, ఎన్నికలు దగ్గర్లో ఉంటే కార్పొరేటర్ గారి సెమీ క్రిస్మస్. పిలిచిన ప్రతిచోటికీ వెళ్ళండి. అన్ని కేకులూ తినండి. అన్ని శాలువాలూ కప్పించుకోండి. 24వ తేదీ రాత్రికి పసిబిడ్డ పుట్టాడని పాస్టరుగారు ప్రకటించేసరికి మీకు ఆవలింత రావాలి. అది వచ్చిందంటే చిట్కా పనిచేసినట్టే.

సెమీ క్రిస్మస్ పెట్టేవాళ్ళకు ఒక మనవి. ఆహ్వాన పత్రికలో బాప్తిస్మమిచ్చు యోహానుకు చోటివ్వకండి. ఆయన వచ్చాడంటే, రెండు చొక్కాలున్నవాడు ఒకటి లేనివాడికివ్వాలని మొదలుపెడతాడు. డిసెంబర్ చలిలో, కొత్త సూటు వేసుకుని స్టేజీ మీద కూర్చున్న ముఖ్య అతిథికి అది ఇబ్బంది.

తేదీలు కూడా అప్పుడప్పుడూ కలిసొస్తాయి. 2023లో నాలుగో ఆగమన ఆదివారం సరిగ్గా డిసెంబర్ 24న పడింది. పొద్దున ఆఖరి కొవ్వొత్తి, సాయంత్రం క్రిస్మస్ ఈవ్. నాలుగో వారం ఒక్క పూటతో సరి. అలాంటి మంచి ఏడాది మళ్ళీ 2028లో వస్తుంది. రాసిపెట్టుకోండి.

2. నక్షత్రాన్ని 26 పొద్దున్నే దించేయండి

మోండా మార్కెట్ దాకా వెళ్ళి బేరమాడి తెచ్చిన కాగితం నక్షత్రం బాల్కనీలో నెల రోజులుగా వెలుగుతూ ఉంటుంది. నిజానికి అది జ్ఞానుల నక్షత్రం. వాళ్ళ రోజు జనవరి 6. సంఘం లెక్కలో క్రిస్మస్ పన్నెండు రోజులు. అంటే ఊరంతా దీపాలార్పేశాక కూడా మీ ఇంటి ముందు అది వెలుగుతూ ఉండాలన్నమాట. అలా ఉంచితే లిఫ్టులో పక్కింటివాళ్ళు అడుగుతారు. చెప్పాలంటే ముందు మీకు తెలిసుండాలి. ఎందుకొచ్చిన గొడవ, దించేయండి.

26న తెలంగాణ ప్రభుత్వం సెలవిస్తోంది. నిద్రపోవడానికి వాడుకోండి. పొరపాటున క్యాలెండర్ తిప్పారో, ఆ రోజు స్తెఫను దినం. పశువుల తొట్టిలో బిడ్డను చూసొచ్చిన మర్నాడే, రాళ్ళదెబ్బలకు చచ్చిపోయినవాణ్ణి తలుచుకోమంటుంది సంఘం. 28వ తేదీ మరీ ఘోరం. హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల దినం. ఆ బిడ్డను ఎత్తుకుని అమ్మా నాన్నా రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయిన కథ. గులాబీ పూలు, కజ్జికాయలు ఇంకా డబ్బాల్లో ఉండగానే ఇదంతా చదివితే, సికింద్రాబాద్ స్టేషన్ బయట మూటలు తలకింద పెట్టుకుని పడుకున్న కుటుంబాలు కొత్తగా కనపడటం మొదలవుతుంది. అంతకుముందు కనపడనివి కనపడటం మొదలైతే ఇక వాటిని ఆపలేం.

3. వాగ్దానం నచ్చకపోతే మళ్ళీ తీయండి

31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసుకు తప్పకుండా వెళ్ళండి. ట్రేలో వాగ్దాన కార్డులుంటాయి. ఆశీర్వాదం, అభివృద్ధి, శత్రువుల ఓటమి లాంటివి వస్తే ఫ్రిజ్ మీద అంటించండి. ఓర్పు, క్షమాపణ లాంటివి వస్తే కళ్ళజోడు లేదని గొణుగుతూ ఇంకోటి తీయండి. ట్రే పట్టుకున్న కుర్రాడు యూత్‌వాడే, ఏమీ అనడు.

అసలు గండం ఆ తర్వాత ఉంది. జాన్ వెస్లీ 1755లో తన మెథడిస్టులతో నిబంధన ఆరాధన అని ఒకటి చేయించాడు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు అది కూడా మన ఇంటికి వచ్చేసింది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చేస్తారు. పని ఇచ్చినా సరే, పక్కన కూర్చోబెట్టినా సరే, నీ ఇష్టం అని దేవుడికి ఒప్పుకోలు రాసిచ్చే ప్రార్థన అది. కమిటీలో పదవి ఉన్నవాళ్ళు, రావాలనుకుంటున్నవాళ్ళు ఆ రెండో ముక్క దగ్గర నోరు మూసుకోవాలి. వీలైతే ఆ ఆదివారం శామీర్‌పేట వైపు పిక్నిక్ పెట్టుకోండి.

4. బూడిదను గుమ్మం దాటకముందే తుడిచేయండి

మట్టల ఆదివారం పిల్లలు చేత్తో పట్టుకొచ్చిన మట్టను ఇంట్లో ఫొటో వెనకాల చెక్కుతారు. ఏప్రిల్‌లో పచ్చగా ఉంటుంది. వానల్లో కొస వంకర తిరుగుతుంది. దసరానాటికి గడ్డిరంగు. సంక్రాంతికి ముట్టుకుంటే పొడి రాలుతుంది. జయం జయం అని ఊపిన ఆకు ఇంట్లో అందరి కళ్ళముందే ఏడాది పొడుగునా చచ్చిపోతూ ఉంటుంది. దాన్ని మళ్ళీ చర్చికి తెస్తే కాల్చి, ఆ బూడిదతోనే భస్మ బుధవారం నుదుట సిలువ గీస్తారు. నిరుటి కేకలే ఈ ఏటి మసి అన్నమాట.

ఇంత పొడుగు పాఠం ఒంటికి మంచిది కాదు. మట్టను సోమవారమే చెత్త ఆటోలో వేయండి.

బూడిద వేయించుకోక తప్పకపోతే వెంటనే తుడుచుకోండి. వెస్ట్ మారేడ్‌పల్లిలో పొద్దున్నే నుదుట విభూతి పెట్టుకునే తమిళ కుటుంబాలు చాలా ఉన్నాయి. “ఏం సార్, గుడికెళ్ళొచ్చారా?” అని ఎదురింటి మామగారు ఆప్యాయంగా అడిగితే ఏం చెప్తారు? “కాదు మామా, నేను మట్టినని, మట్టిలోకే పోతానని గుర్తుచేసి పంపారు” అంటారా? అంటే ఆయన అక్కడే నిలబడి, మా వాళ్ళు కూడా అదే అంటారండీ అని మొదలుపెడతాడు. ఆఫీసుకు ఆలస్యమవుతుంది. చావు గురించి ఇద్దరు పొరుగువాళ్ళు కాంపౌండ్ గోడ దగ్గర తీరిగ్గా మాట్లాడుకోవడం కాలనీ అసోసియేషన్‌కు కూడా శ్రేయస్కరం కాదు.

2024లో భస్మ బుధవారం, ప్రేమికుల రోజు ఒకే నాడు, ఫిబ్రవరి 14న పడ్డాయి. అలాంటప్పుడు ఏది ఎంచుకోవాలో ఈ శీర్షిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

5. శ్రమకాలాన్ని డైటింగుగా మార్చండి

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు. శ్రమకాలం మాత్రం 40. మధ్యలోని ఆరు ఆదివారాలూ పునరుత్థాన దినాలే కాబట్టి ఉపవాసపు లెక్కలోకి రావు. ఈ సందును పూర్తిగా వాడుకోండి. వారమంతా తిననిది ఆదివారం ఒక్క పూటలో లాగించవచ్చు.

ఏది మానుకుంటున్నారో నలుగురికీ చెప్పండి. వాట్సాప్ స్టేటస్ ఉన్నదే అందుకు. అయితే మాట తీసుకునేటప్పుడు జాగ్రత్త. 2025లో రంజాన్ మార్చి 2న, శ్రమకాలం మార్చి 5న మొదలయ్యాయి. ఊరంతా హలీం బట్టీలు. అలాంటి ఏడాది “మాంసం మానేస్తున్నాను” అన్నవాడు చెడ్డాడు. “చికెన్ మానేస్తున్నాను” అన్నవాడు బాగుపడ్డాడు, ఎందుకంటే హలీంలో ఉండేది మటన్. ఒక్కటే ఇబ్బంది: తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పనిచేసి, సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విడిచే మెకానిక్‌ను చూస్తూ మన చికెన్ త్యాగం గురించి మాట్లాడటం. ఆ సమయంలో ఆ వీధిలోకి వెళ్ళకండి.

ఈ కాలంలో కొందరు ఇల్లాళ్ళను కనిపెట్టి ఉండాలి. పైకి ఏమీ తెలియనివ్వరు. ఎసట్లోకి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు వెనక్కి తీసి పాత బోర్న్‌వీటా డబ్బాలో వేస్తారు. పూటకు గుప్పెడు. ఇంట్లో ఎవరి కంచంలోనూ తక్కువైనట్టు కనపడదు. డబ్బా మాత్రం మెల్లగా బరువెక్కుతుంది. నెలాఖరుకు దాన్ని కొంగుచాటున తీసుకెళ్ళి చర్చిలో గుమ్మరించి వస్తారు, ఎవరికి వెళ్తుందని కూడా అడగరు. స్టేటస్ లేదు, ఫొటో లేదు. ఇలాంటి పద్ధతి ఇంట్లో ప్రబలితే మగవాళ్ళ ఉపవాస ప్రకటనలకు విలువ పోతుంది. డబ్బా దాచేయండి.

6. శుభ శుక్రవారం నాడు క్షణం కూడా నిశ్శబ్దం లేకుండా చూసుకోండి

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటలు ధ్యానించడం మనకు పుట్టుకతో వచ్చిన ఆచారమనుకుంటాం. అది మొదలైంది పెరూ దేశంలోని లీమాలో. 1687 భూకంపం తర్వాత అక్కడి జెస్యూట్ గురువు ఒకాయన కూలిన ఊరి మధ్య జనాన్ని కూర్చోబెట్టి ఈ ధ్యానం చేయించాడు. ఇళ్ళు పోయినవాళ్ళు మూడు గంటలు కదలకుండా కూర్చున్నారంటే అర్థముంది. మనకు ఇళ్ళున్నాయి, బయట ఎండలు మండుతున్నాయి, కూలర్ చప్పుడుంది. కాబట్టి ధ్యానాన్ని పోటీగా మార్చుకోవాలి.

ఏడు మాటలు, ఏడుగురు వక్తలు. ఎవరికి ఏ మాట అన్నది ముందే తేల్చుకోండి. మొదటి మాట క్షమాపణ గురించి. నిరుడు ఎన్నికల్లో ఓడినాయనకు ఇవ్వకండి. ఐదో మాట దాహం గురించి. గ్రీకులో అది ఒకే ఒక్క పదం. దాని మీద ముప్పావుగంట మాట్లాడగల సమర్థులు మన సంఘాల్లో ఉన్నారు, వాళ్ళను వెతికి పట్టుకోండి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వచ్చిందా, కీబోర్డు కుర్రాడు సన్నగా ఏదో ఒకటి వాయిస్తూ ఉండాలి. ప్రార్థన సాగుతున్నా వాయిస్తూనే ఉండాలి.

ఎందుకంటే ఆ రోజు బల్ల మీద గుడ్డ ఉండదు, పూలుండవు, గంట మోగదు. చూడటానికి ఏమీ లేని చోట, వినడానికీ ఏమీ లేకపోతే, నాలుగో మాట దగ్గర మనిషికి తన సంగతి గుర్తొస్తుంది. దేవుడు చెయ్యి వదిలేశాడనిపించిన రాత్రి ఒకటి ప్రతివాడి దగ్గరా ఉంటుంది. గాంధీ ఆసుపత్రి వరండాలోదో, ఉద్యోగం ఊడిన సాయంత్రానిదో. తాను ఒక్కడే అలా అరిచాననుకున్న అరుపును సిలువ మీద నుంచి కూడా విన్నాక, ఆ మనిషి మూడు గంటలకు మజ్జిగ తాగి ఇంటికెళ్ళేది మునుపటి మనిషిగా కాదు. కీబోర్డు ఆపనివ్వకండి.

7. ఈస్టర్‌ను మధ్యాహ్నం భోజనానికల్లా ముగించండి

ఈస్టర్ తేదీ చంద్రుణ్ణి బట్టి వస్తుంది. మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. అందుకే 2008లో మార్చి 23నే వచ్చేసింది, 2011లో ఏప్రిల్ 24 దాకా రాలేదు. తిథి చూసి పండుగ చేసుకునే ఇరుగుపొరుగుకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. మనకే, పదో తరగతి పరీక్షలకు అడ్డొస్తోందని కోపం.

తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్ళడం మనవాళ్ళ ఆనవాయితీ. ముందురోజే సున్నం కొట్టి, బంతిపూల దండలు వేసి, చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి, నాన్న పక్కన, తాతయ్య పక్కన నిలబడి, ఆయన లేచాడు అని పాడటం. ఇక్కడ సమయం ఎక్కువ తీసుకోకండి. ఫొటో దిగి వచ్చేయండి. ఎక్కువసేపు నిలబడితే ఆ పాట నిజమేమోనన్న అనుమానం పుడుతుంది.

ఇంటికొచ్చాక బిర్యానీ. బిర్యానీతో సరి. నలభై రోజులు శోకం పెట్టిన క్యాలెండరే ఆ తర్వాత యాభై రోజులు ఆనందించమని చెప్తుంది, పెంతెకొస్తు దాకా. ఏడుపు కంటే సంతోషానికే పది రోజులు ఎక్కువ! ఉపవాస కూడికలకు కరపత్రాలు వేస్తాం గానీ, యాభై రోజుల సంతోష కూడికలకు ఎవరైనా కరపత్రం వేశారా? నలుగురూ ఏమనుకుంటారు? మర్నాటి నుంచీ ఎప్పటి మొహం పెట్టుకుని తిరగండి.

నలభయ్యో రోజు ఆరోహణ దినం. అది గురువారం వస్తుంది కాబట్టి అలాంటిదొకటుందని తెలియనట్టు ఉండవచ్చు. తెలియాలంటే మెదక్ వెళ్ళాలి. మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని, కూడు దొరికేలా కట్టించిన కెథెడ్రల్, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. అక్కడి మూడు రంగుటద్దాల కిటికీల్లో ముందు పెట్టింది జననానిది కాదు, సిలువది కాదు, ఆరోహణానిది. 1927లో. జననం 1947లో వచ్చింది, సిలువ 1958లో. మనం ఎన్నడూ సెలవు పెట్టని పండుగను ఆ పెద్దలు బల్ల వెనక అందరి కళ్ళకూ ఎదురుగా పెట్టారు, ఎండ పడితే గానీ కనపడదు. సలహా: కిటికీకి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోండి.

8. పచ్చగుడ్డ వేసిన ఆర్నెల్లూ సెలవుగా భావించండి

పెంతెకొస్తుకు ఎర్రగుడ్డ, ఆ పైవారం త్రిత్వ ఆదివారం, ఇక అక్కణ్ణుంచి నవంబర్ ఆఖరు దాకా పచ్చగుడ్డ. దాదాపు ఆరు నెలలు. పండుగ లేదు, కేకు లేదు, కొత్తబట్టలు లేవు. విత్తనాలు, గొర్రెలు, పులిసిన పిండి, అప్పులు ఎగ్గొట్టిన నౌకర్ల ఉపమానాలు. క్యాలెండర్ పన్నిన అసలు ఉచ్చు ఇదే. పండుగల్లో ఎవడైనా భక్తుడే. ఏమీ జరగని ఆగస్టు ఆదివారం, వానలో, తడిసిన గొడుగు బెంచీ కింద పెట్టుకుని వచ్చి కూర్చునేవాడి దగ్గరే అది పనిచేయడం మొదలుపెడుతుంది.

కాబట్టి ఈ ఆరు నెలల్లో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఊరి ప్రయాణాలు పెట్టుకోండి. జులైలో సికింద్రాబాద్ బోనాల ట్రాఫిక్ ఎలాగూ ఉంది. కోత పండుగ నాడు మాత్రం రండి. పొలం లేని మనం మార్కెట్లో కొని తెచ్చిన గుమ్మడికాయను దేవుడికిచ్చి, దాన్నే వేలంలో మళ్ళీ కొనుక్కునే రోజది. పాట గట్టిగా పాడండి. పక్కబెంచీవాడు ఆపేదాకా ఆపకండి.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా బావమరిది హెబ్రోను సహవాసానికి వెళ్తాడు. “బావా, క్రిస్మస్ చేసుకోమని బైబిల్లో ఎక్కడుందో చూపించు” అని ప్రతి డిసెంబర్‌లో పట్టుకుంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: ఆయన వాదన తీసిపారేసేది కాదు. సహోదరుడు భక్త్ సింగ్ గారి సహవాసాలు ఈ పండుగలు ఆచరించవు. దినాలు, నెలలు లెక్కపెట్టుకుంటున్నారని గలతీయుల మీద పౌలు కోప్పడ్డ మాటా నిజమే. మీరు మాత్రం ఎదురు ప్రశ్న వేయకండి. “ప్రతి ఆదివారం రొట్టె విరుస్తావు కదా బామ్మర్దీ, ఏటా పరిశుద్ధ సమావేశాలకు లీవు పెట్టి మరీ వెళ్తావు కదా, అది మాత్రం క్యాలెండర్ కాదా?” అన్నారంటే ఆయన ఆలోచనలో పడతాడు. దినాన్ని పాటించేవాడూ పాటించనివాడూ ఇద్దరూ ప్రభువు కోసమే చేస్తారని అదే పౌలు రోమీయులకు రాసినది గుర్తొస్తే మీరూ ఆలోచనలో పడతారు. తగాదా అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా గలతీ పత్రికను మీరే జేబులో పెట్టుకోండి. శ్రమకాలపు శుక్రవారాలకు వాడండి, క్రిస్మస్ విందుకు వాడకండి.

ప్రశ్న: మా అబ్బాయి హైటెక్ సిటీలో పనిచేస్తాడు. ఆదివారం రాలేక యూట్యూబ్‌లో తనకు నచ్చిన ప్రసంగం వింటాడు. పర్వాలేదా?

జవాబు: భేషుగ్గా ఉంది. చర్చిలో ఆ వారం పాఠం ఏదో ముందే అచ్చయి ఉంటుంది, పాస్టరుగారు కూడా మార్చలేరు. ఇంటి వాటాల దగ్గర తమ్ముడితో మాటలు మానేసిన వారమే, తప్పిపోయిన కుమారుడి అన్న కథ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. యూట్యూబ్‌లో ఆ ఇబ్బంది లేదు. తమ్ముడు వినాల్సిన ప్రసంగం వెతుక్కుని, లింకు వాడికే పంపవచ్చు.

ప్రశ్న: మే నెలలో మా వారు పోయారు. ఈ ఏడాది మాకు క్రిస్మస్ లేదనుకున్నాం. అత్తగారేమో చర్చికి వెళ్దామంటున్నారు. పాడే ఓపిక నాకు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళకండమ్మా. తలుపు వేసుకుని ఇంట్లోనే ఉండండి. మీకు సంతోషం లేదని క్యాలెండర్‌కు తెలియదు, తెలిసినా ఆగదు. డిసెంబర్ 25న అది వచ్చి తీరుతుంది. మీరు వెళ్తే ఏమవుతుందంటే, మీరు పాడలేని పాటను పక్కబెంచీలోవాళ్ళు పాడుతుంటారు. సంతోషాన్ని మీరు పుట్టించక్కర్లేదని, అది మీ కంటే ముందు నుంచీ అక్కడ ఉందని, ఈ ఏడాదికి మీ వంతు కూడా వాళ్ళే మోస్తారని తెలుస్తుంది. నిరుటి భస్మ బుధవారం మీరు నవ్వుతూ వచ్చి ఒకావిడ పక్కన కూర్చున్నారు, ఆవిడకు అప్పుడే భర్త పోయాడు, గుర్తుందా? ఇప్పుడు ఆవిడే జరిగి మీకు చోటిస్తుంది. అలా ఒకరికొకరు మోసుకోవడానికే ఈ తేదీలన్నీ పెట్టారేమోనని మీకు అనిపించే ప్రమాదం ఉంది. మా సలహా మేం ఇచ్చాం. అత్తగారి మాట విన్నారంటే ఇక మా పూచీ లేదు.

ముఖ్య గమనిక

పై చిట్కాలన్నీ వాడినా ఒక్కోసారి వికటించవచ్చు. డిసెంబర్‌లో కేకు ముందు కూర్చుంటే ఇంకా టైముంది కదా అనిపించడం, శుక్రవారం సాయంత్రం ఊరికే నోరు మెదపకుండా ఉండాలనిపించడం, పచ్చగుడ్డ రంగు బాగుందనిపించడం తొలి లక్షణాలు. కంగారు పడకండి. వెంటనే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో నామినేషన్ వేయండి. ప్రచారం మొదలైన వారంలోపే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.